పర్యావరణహిత గ్రామీణ గృహం (సంగారెడ్డి - పటాన్‌చెరు ప్రాంతం)

పర్యావరణహిత గ్రామీణ గృహం అనగా ఊరి బయట, తోట లేదా పొలం నడుమ, స్థానిక వాతావరణాన్ని అనుసరించి కట్టుకొనే ఆధునిక నివాసం. ఇందులో విద్యుత్తు, నీరు పొదుపుగా వాడతారు. సామగ్రి వీలైనంతవరకు దగ్గరలో దొరికేదే ఎంచుకుంటారు. వాడుకలో దీనిని తోట ఇల్లు అని, ఇటీవల ఫాంహౌస్ అని అంటున్నారు. తెలంగాణలోని సంగారెడ్డి జిల్లాలో, పటాన్‌చెరు నుండి సదాశివపేట వరకు 65వ నంబరు జాతీయ రహదారికి (పూర్వపు 9వ నంబరు) ఇరువైపులా ఇటువంటి ఇళ్ళు చాలా వెలిశాయి. ఈ ప్రాంతానికి రెండు ప్రత్యేకతలు ఉన్నవి. ఇది ఉష్ణమండలమే అయినా తడి ఉష్ణమండలం కాదు, దక్కను పీఠభూమి. పైగా ఇది పరిశ్రమల వాడ. అందువలన గృహనిర్మాణ గ్రంథాలలో చెప్పే సూత్రాలలో కొన్ని ఇక్కడ యథాతథంగా పనికిరావు. ముఖ్యంగా రాత్రి కిటికీలు తెరచి ఇంటిని చల్లబరచుకోవడం, బోరునీటిని నమ్ముకోవడం అనే రెండు విషయాలలో ప్రత్యేకమైన జాగ్రత్త అవసరం.

శీతోష్ణస్థితి

పటాన్‌చెరులో 1972లో స్థాపించబడిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ (ఇక్రిశాట్) ప్రాంగణం సముద్రమట్టానికి సుమారు 545 మీటర్ల ఎత్తున ఉన్నది. ఏటా సగటున 800 నుండి 900 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. అందులో అధికభాగం జూన్ - సెప్టెంబరు నెలలలోనిదే. మే నెలలో పగటి ఉష్ణోగ్రత సగటున 40 డిగ్రీల దాపునకు చేరుతుంది. శీతాకాలపు రాత్రులలో 13 - 15 డిగ్రీలకు దిగుతుంది. జిల్లాకు పడమరన ఉన్న కోహీర్ వంటి చోట్ల కొన్ని రాత్రులు 10 డిగ్రీల లోపునకు కూడా వెళ్తుంది. వేసవిలో పగటికి, రాత్రికి మధ్య 12 డిగ్రీలకు పైగా తేడా ఉండటం గమనించదగిన విషయం.

జాతీయ భవన నియమావళి దేశాన్ని ఐదు వాతావరణ మండలాలుగా విభజించినది. ఇంధన పొదుపు భవన నియమావళిలో హైదరాబాదును మిశ్రమ మండలంలో చేర్చారు. అనగా వేసవిలో పొడి వేడి, వానకాలంలో ఉక్క, చలికాలంలో కొద్దిపాటి చలి, మూడింటికీ ఒకే ఇల్లు సరిపోవలెను. ఉష్ణమండల గృహాలు అనగానే చాలామందికి శ్రీలంక శిల్పి జెఫ్రీ బావా (1919-2003) కట్టిన ఇళ్ళు, కేరళలో లారీ బేకర్ (1917-2007) కట్టిన ఇళ్ళు గుర్తుకు వస్తాయి. బావా సొంత తోట ఇల్లు లునుగంగ జగత్ప్రసిద్ధం. అయితే అవి ఏడాది పొడుగునా తేమ ఉండే ప్రదేశాలు. గోడలు దాదాపు లేకుండా గాలికి వదలివేసిన ఇల్లు అక్కడ హాయిగా ఉంటుంది. అదే ఇంటిని సదాశివపేట పొలాలలో కడితే ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నం వడగాలి నేరుగా నట్టింటికి వస్తుంది. ఆ శిల్పుల నుండి నేర్చుకోవలసినది రూపం కాదు, పద్ధతి.

పూర్వపు ఇళ్ళు

ఈ ప్రాంతపు పాత ఇళ్ళలో మూడు రకాలు కనిపిస్తాయి. పేదల పూరి గుడిసెలు, నడితరగతి రైతుల మట్టి మిద్దెలు, పెంకుటిళ్ళు, దేశ్‌ముఖుల గడీలు. ఇందులో మిద్దె ప్రత్యేకంగా పరిశీలించదగినది. రాతితోనో మట్టితోనో కట్టిన దళసరి గోడలపై దూలాలు, వాటిపై దంతెలు వేసి, పైన చెక్కలో పొరకలో పరచి, ఆపైన సుమారు అడుగు మందాన మట్టి వేసేవారు. వర్షాలకు ముందు కప్పు మరమ్మతు చేయడం ఏటా తప్పని పని. ఇంత మట్టి వేడెక్కడానికి పగలంతా పడుతుంది. వేడి లోపలికి దిగేసరికి సాయంత్రం అవుతుంది. అప్పటికి ఇంటివారు మంచాలు వాకిట్లో వేసుకొనేవారు. కాబట్టి పాత ఇంటి చల్లదనంలో సగం గోడలది, సగం అలవాటుది. ఈ సంగతి మరచిపోయి మట్టి ఇల్లు కట్టుకుని, రాత్రి తలుపులు బిగించుకుని పడుకుంటే ఆశించిన ఫలితం రాదు.

గడీలలోను, పెద్ద రైతుల భవంతులలోను నడుమ ఆకాశానికి తెరచిన వాకిలి ఉండేది. కోస్తాలో దీనిని మండువా అంటారు. రాత్రి చల్లబడిన బరువైన గాలి ఈ వాకిట్లోకి దిగి చుట్టూ ఉన్న గదులలోకి పాకుతుంది. గోడలకు, గచ్చుకు డంగు సున్నం వాడేవారు. డంగు సున్నం రుబ్బగల మేస్త్రీలు ఇప్పుడు అరుదు. అందువలన నేడు సున్నం పని కోరేవారు ముందుగా పనివారిని వెదకుకొని, ఆ తరువాత నమూనా గీయించుకోవడం మంచిది.

స్థలం ఎంపిక

మిగతా ప్రాంతాలలో స్థలం ఎంపిక అంటే దారి, నీటి వసతి, ధర చూస్తారు. ఇక్కడ వీటికి తోడు గాలి ఎటునుండి వస్తుంది, వాగు ఎటునుండి వస్తుంది అనే రెండు ప్రశ్నలు వేసుకోవలెను.

పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం, కాజిపల్లి పారిశ్రామిక వాడలలో 1970ల నుండి ఔషధ, రసాయన పరిశ్రమలు విస్తరించాయి. వాటి వ్యర్థజలాలు నక్కవాగు, ఇసుకవాగుల గుండా చెరువులకు, పొలాలకు, చివరకు మంజీరా నదికి చేరడంపై 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైనది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఇక్కడి ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుండి బయటకు వచ్చే నీటిని పరీక్షించగా, అందులో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు తేలినది. 2009లో ప్రచురితమైన మరొక పరిశోధన ఈ ప్రాంతపు చెరువులలోను, గ్రామాల బావులలోను ఔషధ అవశేషాలను గుర్తించినది. కలుషితమైన వాగుకు దిగువన చవకగా వచ్చే భూమి ఎందుకు చవకో కొనేవారు విచారించవలెను.

పరిశ్రమల నుండి తగినంత దూరం పాటించడం ప్రాణరక్షణకు కూడా అవసరం. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ పరిశ్రమలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా మరణించారు.

వానకాలంలో గాలి ప్రధానంగా పడమర, నైరుతి దిక్కుల నుండి, చలికాలంలో తూర్పు, ఈశాన్యాల నుండి వీస్తుంది. కాబట్టి పారిశ్రామిక వాడకు సరిగ్గా తూర్పున ఉన్న స్థలం కంటే, ఉత్తరాననో దక్షిణాననో ఉన్న స్థలం మేలు. స్థలాన్ని పగలు ఒకసారి చూసి బయానా ఇవ్వడం సర్వసాధారణంగా జరిగే పని. చలికాలపు రాత్రి పదింటి తరువాత, వానకాలంలో మబ్బు పట్టిన ఉదయం కూడా వెళ్ళి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. దీనికి కారణం కింద గాలి ప్రసారం అనే విభాగంలో వివరించబడినది.

దిశ, ఎండ, నీడ

సంగారెడ్డి సుమారు 17.6 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. దీనినిబట్టి మిట్టమధ్యాహ్నం సూర్యుని ఎత్తును విద్యార్థులు సులభంగా లెక్కకట్టవచ్చును. మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతంలో అది 72 డిగ్రీలు. డిసెంబరు 22న 49 డిగ్రీలు. మే రెండవ వారం నుండి ఆగస్టు మొదటి వారం వరకు సూర్యుడు మధ్యాహ్నం నడినెత్తికి కొద్దిగా ఉత్తరాన ఉంటాడు.

ఇల్లు తూర్పు పడమరలుగా పొడవుగా ఉండి, పొడుగు గోడలు ఉత్తర దక్షిణాలకు తిరిగి ఉండవలెను. దక్షిణపు కిటికీకి నీడ ఇవ్వడం తేలిక. 4 అడుగుల ఎత్తు గల కిటికీపై అడుగున్నర సజ్జ వేస్తే, మార్చి చివరి నుండి సెప్టెంబరు వరకు మధ్యాహ్నపు ఎండ లోపలికి రాదు. డిసెంబరులో అదే సజ్జ పైభాగాన సుమారు 1¾ అడుగుల మేరకే నీడ ఇస్తుంది, మిగిలిన భాగం గుండా వెచ్చని ఎండ గదిలోకి వస్తుంది. ఖర్చు లేకుండా రెండు కాలాలకూ పనికివచ్చే ఏర్పాటు ఇది.

చిక్కంతా పడమరతోనే. ఏప్రిల్ మధ్యలో సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో సూర్యుడు ఇంచుమించు 30 డిగ్రీల ఎత్తున ఉంటాడు. అప్పుడు 4 అడుగుల కిటికీని కాపాడటానికి సుమారు 7 అడుగుల సజ్జ కావలెను. అంటే సజ్జ చాలదు, వరండానే కావలెను. లేదా పడమటి వైపు కిటికీలు తగ్గించి స్నానపు గది, మెట్లు, సామాను గది వంటివి పెట్టవలెను. రహదారి వెంట ఉన్న కొత్త ఫాంహౌసులలో పడమటి సూర్యాస్తమయం కనబడాలని నేల నుండి కప్పు వరకు అద్దాలు బిగించడం పరిపాటి అయినది. ఆ దృశ్యం కోసం మూడు నెలలపాటు ఏసీలు నడపవలసి వస్తుంది.

వాస్తు ప్రకారం యజమాని పడకగది నైరుతిలో ఉండవలెనని మన ప్రాంతంలో పట్టింపు ఎక్కువ. నైరుతి మూల దక్షిణపు ఎండను, పడమటి ఎండను రెంటినీ భరించే మూల కాబట్టి వేసవి రాత్రులలో అదే ఇంటిలో అన్నిటికంటే వేడిగా ఉండే గది అవుతుంది. పట్టింపు వదులుకోలేనివారు ఆ గదికి పడమటి గోడ మందం పెంచి, బయట వరండా గాని, ఒక అడుగు ఎడంతో తీగల పందిరి గాని కల్పించుకోవచ్చును. ఆగ్నేయపు వంటగది విషయంలో మాత్రం వాస్తుకు, వాతావరణానికి పేచీ లేదు. వానకాలపు పడమటి గాలికి వంటింటి పొగ, వేడి ఇంటిలోకి రాకుండా బయటకే పోతాయి.

పైకప్పు

ఒక్క అంతస్తు గల తోట ఇంటికి వేడి ప్రధానంగా వచ్చేది కప్పు నుండే. ఏప్రిల్, మే నెలలలో సమతలంగా ఉన్న కప్పుపై చదరపు మీటరుకు రోజుకు 6 యూనిట్లకు పైగా సౌరశక్తి పడుతుంది. 100 చదరపు మీటర్ల స్లాబు మీద 600 యూనిట్లు అన్నమాట. ఒక సామాన్య కుటుంబం నెల రోజులు వాడే కరెంటు కంటే ఇది ఎక్కువ. ఏ రక్షణా లేని 5 అంగుళాల కాంక్రీటు స్లాబు ఈ వేడిని పీల్చుకొని, రాత్రంతా పడకగదిలోకి వదులుతూ ఉంటుంది. గోడలకు ఎంత ఖర్చు పెట్టినా కప్పును పట్టించుకోకపోతే ప్రయోజనం ఉండదు.

2018 డిసెంబరులో కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ నివాస భవనాల కొరకు ఎకో నివాస్ సంహిత అనే నియమావళిని విడుదల చేసినది. 500 చదరపు మీటర్లు లేదా అంతకుమించిన స్థలంలోని ఇళ్ళకు ఉద్దేశించిన ఈ నియమావళి ప్రకారం కప్పు గుండా వేడి ప్రవాహ గుణకం చదరపు మీటరుకు, డిగ్రీకి 1.2 వాట్లకు మించరాదు. సాధారణ స్లాబుకు ఇది 3కు పైగానే ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన చల్లని కప్పుల విధానం 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాలలో కట్టే నివాసాలకు చల్లని కప్పును తప్పనిసరి చేసినది.

కప్పును చల్లబరిచే మార్గాలలో అన్నిటికంటే చవకైనది తెల్ల సున్నం. వర్షానికి కొట్టుకొనిపోతుంది కాబట్టి ఏటా ఫిబ్రవరి చివర వేయవలెను. మన్నిక కోరేవారు తెల్లని పింగాణీ పెంకుల ముక్కలు అతికిస్తారు. స్లాబుపై మట్టి కుండలు బోర్లించి, సందులు సున్నపు కాంక్రీటుతో నింపి చదును చేసే పాత పద్ధతి కూడా మంచిదే; కుండలోని గాలి వేడిని ఆపుతుంది. లారీ బేకర్ ప్రచారంలోకి తెచ్చిన ఫిల్లర్ స్లాబులో, కాంక్రీటు అవసరం లేని దిగువ భాగంలో పాత పెంకులు అమర్చి సిమెంటు ఆదా చేస్తారు. ఇనుప చువ్వల అమరిక ఇంజనీరుచే లెక్క కట్టించకుండా దీనిని వేయరాదు. సౌర ఫలకాలను కప్పుకు కొంత ఎత్తున బిగిస్తే కరెంటుతో పాటు నీడ కూడా దక్కుతుంది. రేకుల కప్పు మాత్రం, ఎంత అందంగా రంగు వేసినా, పడకగదులకు పనికిరాదు.

గోడలు, పునాది

ఈ ప్రాంతంలో రెండు రకాల నేలలు పక్కపక్కనే ఉంటాయి. ఇక్రిశాట్ ప్రాంగణంలోనే నల్లరేగడి, ఎర్రనేల రెండూ ఉన్నవి. నల్లరేగడి వానకు ఉబ్బి, వేసవికి నెర్రెలు విచ్చుతుంది. దానిపై మామూలు పునాది వేస్తే రెండు మూడేళ్ళకు గోడలు మూలల వద్ద పగుళ్ళు వేస్తాయి. రేగడి లోతు తక్కువైతే దానిని పూర్తిగా తీసివేసి, మొరం వరకు తవ్వి పునాది వేయడం మేలు. లోతు ఎక్కువైతే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ అభివృద్ధి చేసిన అండర్ రీమ్డ్ పైల్ పద్ధతి, అనగా అడుగున గంటవలె వెడల్పు చేసిన కాంక్రీటు స్తంభాల పద్ధతి, అనుసరించవచ్చును. ఇంటి చుట్టూ వాననీరు గోడలోకి ఇంకకుండా 4 అడుగుల వెడల్పున బండలు పరచడం కూడా అవసరమే. పెద్ద చెట్లను నల్లరేగడిలో ఇంటికి ఆనుకొని నాటరాదు. వాటి వేళ్ళు నేలలోని తేమను పీల్చి పునాదిని కుంగదీస్తాయి. చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో కనీసం అంత ఎడం ఉంచవలెనని పాటింపు.

రాయికి ఇక్కడ కొదవ లేదు. పునాదికి, గోడలకు స్థానిక గ్రానైటు, నేలకు తాండూరు బండలు, షాబాదు బండలు లభిస్తాయి. జహీరాబాదు, కోహీర్ వైపు ఎర్రని లేటరైటు రాయి ఉన్నది. రాతి గోడ వేడిని త్వరగా ప్రసరింపజేస్తుంది కాబట్టి సన్నగా కడితే లాభం లేదు. 15 నుండి 18 అంగుళాల మందం ఉంటేనే వేడిని ఆలస్యం చేయగలదు. ఇటుకలను నిలువుగా, మధ్యలో ఖాళీ వచ్చేటట్లు పేర్చే ర్యాట్ ట్రాప్ కట్టుబడి వలన సుమారు నాల్గవ వంతు ఇటుకలు ఆదా అవుతాయి, లోపలి గాలి వేడిని అడ్డుకుంటుంది.

ఎర్రమట్టిలో కొద్దిగా సిమెంటు కలిపి యంత్రంతో ఒత్తిన మట్టి ఇటుకలకు బట్టీ అవసరం లేదు. పుదుచ్చేరి సమీపంలోని ఆరోవిల్‌లో ఈ విద్య బాగా అభివృద్ధి చెందినది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ప్రాంగణంలో గ్రామీణ సాంకేతిక పార్కులో ఈ ఇటుకలతో కట్టిన నమూనా ఇళ్ళు ఉన్నవి. ఇల్లు కట్టదలచినవారు నమూనాలు కాగితంపై చూసేకంటే ఒకసారి అక్కడకు వెళ్ళి రావడం ఉపయోగకరం. మట్టి ఇటుకల విషయంలో మన పారిశ్రామిక ప్రాంతానికే ప్రత్యేకమైన హెచ్చరిక ఒకటి ఉన్నది. చెరువు పూడిక మట్టి ఉచితంగా దొరుకుతుంది గదా అని పరిశ్రమల దిగువనున్న చెరువుల నుండి తెచ్చుకోరాదు. లోహాలు, రసాయనాలు ఏళ్ళ తరబడి పేరుకొనేది ఆ పూడికలోనే. పునాది తవ్వగా వచ్చిన సొంత స్థలపు ఎర్రమట్టి అన్నివిధాలా మేలు.

గాలి ప్రసారం

దక్కను వేసవికి శాస్త్రం చెప్పే ఉపాయం సులువైనది. పగలు తలుపులు, కిటికీలు మూసి వేడి గాలిని ఆపవలెను. రాత్రి తెరచి చల్లగాలితో గోడలను, నేలను చల్లార్చవలెను. చల్లారిన గోడలు మరునాడు మధ్యాహ్నం వరకు ఇంటిని కాపాడతాయి. పగటికి రాత్రికి తేడా ఎక్కువగా ఉన్నచోట ఇంతకు మించిన ఉపాయం లేదు.

పారిశ్రామిక వాడల చుట్టుపక్కల ఊళ్ళలో ఇదే కష్టం. ఘాటైన వాసనలు ఎక్కువగా రాత్రివేళల్లోనే వస్తాయని అక్కడివారు తరచుగా ఫిర్యాదు చేస్తుంటారు. ఇందుకు వాతావరణ కారణం ఉన్నది. ఆకాశం నిర్మలంగా, గాలి నిలకడగా ఉన్న రాత్రి నేల త్వరగా చల్లబడి, దానిని అంటిన గాలి పొర పైపొరకంటే చల్లగా, బరువుగా మారుతుంది. అప్పుడు పొగ, ఆవిరి పైకి లేవలేక నేలబారుగా పల్లపు ప్రాంతాలలో నిలిచిపోతాయి. ఇంటిని చల్లార్చడానికి కిటికీలు తెరవవలసిన గంటలు, అవి మూసుకోవలసిన గంటలు ఒకటే కావడం ఇక్కడి గృహ రూపకర్తకు అసలైన సమస్య.

దీనికి పూర్తి పరిష్కారం ఇంటి నమూనాలో లేదు, కాలుష్య నియంత్రణలో ఉన్నది. అయినా నమూనాలో చేయగలిగినవి కొన్ని ఉన్నవి. మొదటగా, ఇల్లు గాలి మీద తక్కువగా, నీడ మీద ఎక్కువగా ఆధారపడేటట్లు కట్టవలెను. కప్పుకు రక్షణ, పడమట వరండా ఉన్న ఇల్లు ఒకటి రెండు రాత్రులు మూసి ఉంచినా భరించదగినట్లు ఉంటుంది. రెండవది, కిటికీలు ఒకే దిక్కున కాక రెండు మూడు దిక్కుల ఉండి, దేనికది గట్టిగా మూసుకొనే వీలుండవలెను. వాడ వైపు మూసి, అవతలి వైపు తెరచుకోవచ్చును. తలుపులకు, వెంటిలేటర్లకు సందులు లేకుండా రబ్బరు పట్టీలు వేయించవలెను. పాత ఇళ్ళలోవలె ఎప్పుడూ తెరచి ఉండే జాలీ వెంటిలేటర్లు ఇక్కడ తగవు. మూడవది, సీలింగు ఫ్యాను. ఉక్కపోతగా ఉండే ఆగస్టు, సెప్టెంబరు నెలలలో మూసిన గదిలో కూడా ఒంటికి గాలి తగిలితే సౌకర్యం కలుగుతుంది. వాసన లేని రాత్రులలో మాత్రం కిటికీలన్నీ తెరచి గాలిని పూర్తిగా వాడుకోవలెను. ఎకో నివాస్ సంహిత మిశ్రమ మండలంలో తెరవగలిగే కిటికీల వైశాల్యం నేల వైశాల్యంలో కనీసం 12.5 శాతం ఉండవలెనని చెబుతున్నది. పారిశ్రామిక ప్రాంతమని ఈ వైశాల్యాన్ని తగ్గించుకోవడం పొరపాటు.

హైదరాబాదులోని సీఐఐ - సొరాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రం 2004లో ప్రారంభమైనది. ఈ భవనంలో రెండు గాలి బురుజులు బయటి గాలిని చల్లబరచి లోపలికి పంపుతాయి. ఇటువంటి బురుజు ఉంటే గాలి వచ్చే దారి ఒక్కటే అవుతుంది కాబట్టి అవసరమైనప్పుడు మూయడం తేలిక. చిన్న ఇళ్ళకు ఖర్చు ఎక్కువే.

నీరు

100 చదరపు మీటర్ల కప్పుపై ఏటా 850 మిల్లీమీటర్ల వర్షం పడితే 85,000 లీటర్లు. తరుగు పోగా 68,000 లీటర్లు దక్కుతాయి. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నలుగురికి ఏడాదికి 1,97,000 లీటర్లు కావలెను. కాబట్టి వాననీటితోనే ఇల్లు గడుస్తుందనే మాట నిజం కాదు, మూడవ వంతు గడుస్తుంది. అయితే తాగడానికి, వంటకు నలుగురికి రోజుకు 40 లీటర్లు చాలు. వానలు లేని ఎనిమిది నెలలకు ఇది 10,000 లీటర్లు కూడా కాదు. అంత తొట్టి కట్టుకోవడం ఏ తోట ఇంటికైనా సాధ్యమే. మొదటి జల్లులతో కప్పుపై ధూళి, పరిశ్రమల మసి వస్తాయి. వాటిని బయటకు వదలి, ఆ తరువాతి నీటినే బొగ్గు, ఇసుక వడపోత గుండా పట్టుకోవలెను. పొగగొట్టాలకు సమీపంలో ఉన్నవారు ఈ నీటిని కూడా పరీక్ష చేయించిన తరువాతనే తాగవలెను.

సాధారణంగా వాననీటిని ఇంకుడు గుంత ద్వారా భూమిలోకి పంపమని సలహా ఇస్తారు. కాలుష్యం లేని చోట అది సరియైన సలహా. భూగర్భజలం ఇప్పటికే చెడిన చోట, శుభ్రమైన వాననీటిని అందులో కలిపివేసి మళ్ళీ బోరుతో తోడుకోవడం కంటే, ముందు తొట్టి నింపుకొని పొర్లిన నీటినే ఇంకించడం తెలివైన పని.

బోరు నీటిని కొనుగోలుకు ముందే పరీక్షించవలెను. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు, ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము వరకు మంచిది. వేరే నీరు లేనప్పుడు లవణాలు 2,000, ఫ్లోరైడు 1.5 వరకు అనుమతిస్తారు. ఇక్కడ వీటితో పాటు భారలోహాల పరీక్ష కూడా అడిగి చేయించుకోవలెను. మామూలు పరీక్షలలో ఔషధ అవశేషాలు తేలవు. అందువలన వాగుల దిగువనున్న ఊళ్ళలో నివేదిక బాగున్నదని బోరు నీటిని తాగడం క్షేమం కాదు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకపు గొట్టం అందే చోట ఇల్లు కట్టుకోవడం ఉత్తమం.

స్నానాల నీటిని, వంటింటి నీటిని కంకర, ఇసుక పరచిన మడిలో మెట్టతామర నాటి శుద్ధి చేసి తోటకు పారించవచ్చును. సెప్టిక్ ట్యాంకు నీరు ఇంకే గుంత బావికి, బోరుకు కనీసం 60 అడుగుల దూరంలో, పల్లపు వైపున ఉండవలెను.

చెట్లు, విద్యుత్తు

పడమటి వైపు వేప, కానుగ శ్రేష్ఠం. రెండూ చలికాలం చివర ఆకు రాల్చి, ఎండలు ముదిరేసరికి కొత్త చిగుళ్ళతో నిండుతాయి. నీలగిరి చెట్లు త్వరగా పెరుగుతాయని నాటుతారు గాని వాటి నీడ పలుచన, నీటి వాడకం ఎక్కువ. ఇంటి చుట్టూ సిమెంటు పరచడం, విదేశీ గడ్డి పచ్చికను వేసవి అంతా తడపడం రెండూ మానదగినవే.

ఒక కిలోవాటు సౌర ఫలకాలు రోజుకు సగటున 4 యూనిట్ల కరెంటు ఇస్తాయి. 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30,000 రూపాయలు, 3 కిలోవాట్లు, ఆపైన మొత్తం 78,000 రూపాయలు రాయితీగా నిర్ణయించారు. ఫలకాలను దక్షిణానికి తిప్పి, సుమారు అక్షాంశమంత, అనగా 17 - 18 డిగ్రీల వాలున అమర్చవలెను. పరిశ్రమల సమీపంలో ధూళి త్వరగా పేరుకొంటుంది కాబట్టి వారం పది రోజులకొకసారి ఉదయం చల్లనివేళ కడగవలెను. కడిగిన నీరు వాననీటి తొట్టిలోకి పోకుండా గొట్టానికి విడిగా మూత బిగించుకోవలెను.